తామర క్రీము: చౌక ట్యూబా, ఖరీదు ట్యూబా, ఏది మేలు?

మా తమ్ముడు తిరుపతిలో ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తాడు. ఎండాకాలం, పొయ్యి వేడి, చెమటతో తడిసిన బట్టలు. నడుము దగ్గర తామర వచ్చింది. మెడికల్ షాపులో డాక్టరు చీటీ కూడా అడక్కుండా ఒక ట్యూబు ఇచ్చారు. "రెండ్రోజుల్లో దురద పోయిందక్కా" అన్నాడు. మూడు వారాలకు ఆ మచ్చ అరచేయంత అయి, తొడ మీదికి కూడా పాకింది. ట్యూబు వెనక చదివితే ఫంగస్ మందుతో పాటు యాంటీబయాటిక్, క్లోబెటాసోల్ అనే బలమైన స్టెరాయిడ్ ఉన్నాయి.

దాంతో ఈ క్రీముల ధరల మీద కూర్చుని లెక్కలు వేశాను.

ముందు క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము, ఇది ఫంగస్ మందు. 1960ల చివర్లో కనిపెట్టిన పాత మందు, పేటెంట్ ఎప్పుడో అయిపోయింది, ఎన్నో కంపెనీలు చేస్తాయి. అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉంది కాబట్టి గరిష్ఠ ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. మార్కెట్లో 1 శాతమైనా వాటా ఉన్న బ్రాండ్లు దుకాణాలకు ఇచ్చే ధరల సగటు తీసి, దాని మీద దుకాణదారుకు 16 శాతం కలుపుతారు. జాబితాలో లేని మందులకు ఈ పద్ధతి లేదు, కంపెనీ ఏడాదికి 10 శాతం దాకా ధర పెంచుకోవచ్చు. జన ఔషధి కేంద్రంలో ఇదే క్రీము ఇంకా చౌక. బ్రాండు ప్రచారం ఖర్చు అందులో ఉండదు, మందు మాత్రం అదే 1 శాతం. నేనైతే బ్రాండు కోసం ఎక్కువ డబ్బు పెట్టను.

లులికొనజోల్ కూడా ఫంగస్ క్రీమే, కానీ కొత్తది, గ్రాము ధర ఎక్కువ. అయితే ట్యూబు మీది ధర చూసి తేల్చేస్తే పొరపాటే. రెండు అరచేతులంత మచ్చకు పూటకు సుమారు అర గ్రాము క్రీము పడుతుంది. క్లోట్రిమజోల్ రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు రాస్తే 28 గ్రాములు, అంటే 15 గ్రాముల ట్యూబులు రెండు. లులికొనజోల్ రోజుకు ఒకసారి, రెండు వారాలు రాస్తే 7 గ్రాములు చాలు. గ్రాము ధర నాలుగు రెట్ల లోపు ఉంటే ఖరీదైనదే చౌకగా పడుతుంది! 30 గ్రాముల ట్యూబు కొని ముప్పావు వంతు మిగిల్చుకుంటే మాత్రం ఆ లాభం పోతుంది. డాక్టరు ఎక్కువ రోజులు రాయమన్నా లెక్క మారుతుంది. ఈమధ్య మొండి తామరలు ఎక్కువయ్యాయి కాబట్టి అలా చెప్పడం మామూలే.

రెండు పూటలా గుర్తుపెట్టుకుని రాసే ఓపిక ఉన్నవాళ్లకు, చిన్న మచ్చకు, జన ఔషధి క్లోట్రిమజోల్ మేలు. మా తమ్ముడిలా షిఫ్టుల్లో పనిచేస్తూ ఒక పూట మర్చిపోయేవాళ్లకు రోజుకు ఒకసారి రాసే క్రీము నయం. ఒళ్లంతా పాకితే క్రీముల లెక్కలు పక్కనపెట్టాలి. అప్పుడు మాత్రలు కావాలి, అవి డాక్టరే రాయాలి. తిరుపతిలోని ప్రభుత్వ రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లినా చాలు.

ఇక మా తమ్ముడికి షాపులో ఇచ్చిన, మూడు మందులు కలిపిన క్రీము. దాన్ని ఈ పోటీలోకే తీసుకోను. స్టెరాయిడ్ దురదను, ఎర్రదనాన్ని అణిచేస్తుంది, కింద ఫంగస్ హాయిగా పెరుగుతుంది. చర్మం పలచబడి చారలు పడతాయి, అవి మళ్లీ పోవు. ఈ రకం స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నియమం పెట్టింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. ట్యూబు కొనేముందు వెనక చదవండి: క్లోబెటాసోల్, బీటామెథసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ల పేర్లు కనిపిస్తే, డాక్టరు రాయకపోతే, తిరిగి ఇచ్చేయండి.

మా తమ్ముడు ఇప్పుడు డాక్టరు చెప్పిన క్రీము రాస్తున్నాడు. మచ్చ కనిపించకుండా పోయి వారమైంది. ఇంకో వారం రాయమన్నారు, రాత్రి డ్యూటీ దిగగానే ఫోన్ చేసి అడుగుతున్నాను.