అప్పడాల పిండి చేతికి ఏ స్క్రీన్ గార్డు మేలు?

మా అక్క బరంపురంలో అప్పడాలు చేసి అమ్ముతుంది. చేతికి నూనె రాసుకోకపోతే మినప్పిండి ముద్ద సాగదు. ఆ చేత్తోనే ఫోను ఎత్తుతుంది, ఆర్డరు చూసుకుంటుంది, చెంగుతో ఒక్క తుడుపు తుడిచి పీట పక్కన పెడుతుంది. బావది గోపాల్‌పూర్‌లో చేపల బేరం. ఆయన ఫోనుకి నూనె తక్కువ, ఇసుక ఎక్కువ. దసరాకి వెళ్లినప్పుడు ఇద్దరి ఫోన్లూ ముందేసుకుని కూర్చున్నాను, ఎవరికి ఏ గార్డు వేయించాలా అని.

అక్క ఫోను కొని ఏడాది దాటింది, గార్డు లేదు. స్క్రీన్ ఆపి రెండు నీటి చుక్కలు వేశాను. పైన, కెమెరా పక్కన వేసిన చుక్క ముత్యంలా నిలబడింది. ఫోను కాస్త వంచగానే మరక లేకుండా జారిపోయింది. కింద, కీబోర్డు వచ్చే చోట వేసిన చుక్క మాత్రం పల్చగా పరుచుకుపోయింది. పై భాగంలో కంపెనీ వేసిన పూత ఇంకా ఉంది, కింద అరిగిపోయింది.

ఈ పూత ఫ్లోరిన్ కలిసిన పదార్థం, మందం కొన్ని నానోమీటర్లే. నూనెనీ నీటినీ అంటనివ్వదు కాబట్టి వేలిముద్ర పడినా తేలిగ్గా తుడుచుకుపోతుంది. ఆపిల్ ఫోన్లలో ఇది 2009 నాటి ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చింది. మామూలు వాడకంలోనే ఇది క్రమంగా తగ్గుతుందని ఆ కంపెనీయే చెబుతుంది. గరుకు వస్తువుతో రుద్దితే ఇంకా తొందరగా పోతుంది. "తుడిస్తే పోతాది కదేటి, దానికింత హైరానా ఎందుకురా?" అంది అక్క. ఆ తుడవడంలోనే ఉంది చిక్కంతా. చెంగులో పిండీ దుమ్మూ ఉంటాయి. అవి రోజుకి ఇరవైసార్లు స్క్రీన్‌ని సానపడుతున్నట్టే.

బావ ఫోను మీద గీతలు పడ్డాయి. జేబులో తాళంచెవులు ఉంటాయి కదా, వాటివల్లే అనుకున్నాడు. ఇత్తడి తాళంచెవి గాజుని గీయలేదు, ఇసుక గీస్తుంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోహ్స్ కొలతలో క్వార్ట్జ్ ఇసుక కాఠిన్యం 7. ఫోను గాజు మీద 6 దగ్గరే సన్నగీతలు మొదలవుతాయి. పైగా మన గంజాం తీరపు ఇసుకలో గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్ అనే గట్టి ఖనిజాలు ఉంటాయి. ఛత్రపురంలో ప్రభుత్వ ఖనిజాల సంస్థ ఐఆర్ఈఎల్ తవ్వి తీసేవాటిలో ఇవీ ఉన్నాయి. గార్నెట్‌తో ఉప్పుకాగితం చేస్తారంటే ఆ ఇసుక సంగతి వేరే చెప్పాలా? గోపాల్‌పూర్ ఒడ్డున తిరిగే మనిషి గార్డు లేకుండా ఫోను వాడడం నాకు ససేమిరా నచ్చదు.

ఇక గార్డుల్లో ఏది? టెంపర్డ్ గ్లాసు, టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసిన మెత్తని ఫిల్ము, ఈ రెంటి మధ్యే అసలు పోటీ. ఫిల్ము పల్చన. సన్నగీతలు పడితే కొన్ని వాటంతటవే మానతాయి, వంపు స్క్రీన్‌కి చక్కగా అతుకుతుంది. కానీ వేలు దాని మీద సాఫీగా జారదు, పట్టేస్తుంది. కొన్నాళ్లకి పసుపు రంగుకి తిరుగుతుంది. ఫోను కిందపడితే పెద్దగా కాపాడదు. గ్లాసు దాదాపు 0.33 మిల్లీమీటర్ల మందం. పడ్డప్పుడు చాలాసార్లు అది పగిలి ఫోను బతుకుతుంది. డబ్బా మీద 9హెచ్ అని ఉంటే మోసపోకండి. అది పెన్సిళ్లతో గీసి చూసే కాఠిన్యం లెక్క, మోహ్స్‌లో 9 కాదు. ఇసుక దాన్నీ గీస్తుంది. గీయనివ్వండి, దాన్ని వేయించేదే అందుకు.

నాకు గ్లాసు నచ్చడానికి పెద్ద కారణం వేరే ఉంది. మంచి గ్లాసు మీద కూడా ఆ జిడ్డంటని పూత ఉంటుంది. రోజువారీ అరుగుదలంతా దాని మీదే పడుతుంది, దాని కింద ఫోను సొంత పూత భద్రంగా ఉంటుంది. అరిగాక నూటయాభై, రెండొందలు పెట్టి మార్చుకోవచ్చు. ఫోను పూత అలా మార్చలేం. సీసాల్లో ద్రవం అమ్ముతారు, రాసి ఆరబెడితే కొంత జారుడు తిరిగొస్తుంది, కంపెనీ పూతంత కాలం మాత్రం నిలవదు.

వేలిముద్ర సెన్సరు స్క్రీన్ కింద ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. కాంతితో పనిచేసే సెన్సరైతే పల్చని గ్లాసుతో ఇబ్బంది తక్కువ. 2019లో గెలాక్సీ ఎస్10తో వచ్చినలాంటి అల్ట్రాసోనిక్ సెన్సరు శబ్ద తరంగాలతో చదువుతుంది. గ్లాసుకీ స్క్రీన్‌కీ మధ్య గాలి ఉంటే తడబడుతుంది. అలాంటి ఫోనుకి ఫిల్మే మేలు. మ్యాట్ ఫిల్ము ఎండలో మెరుపునీ, మరకలనీ కనపడనివ్వదు గానీ అక్షరాలు కాస్త మసకేస్తాయి.

ద్రవ జిగురు పోసి, యూవీ (అతినీలలోహిత) దీపంతో గట్టిపరిచి అతికించే యూవీ జిగురు గ్లాసు జోలికి నేను పోను. బావ పాత ఫోనుకి ఒక దుకాణంలో అది వేయించాం. జిగురు చెవి దగ్గరి జాలీలోకి దిగి మాట వినపడడం తగ్గిపోయింది.

చివరికి అక్కకీ బావకీ అంచుదాకా జిగురున్న మామూలు టెంపర్డ్ గ్లాసులే వేయించాను, ఒక్కొక్కరికి ఒకటి అదనంగా కొని పెట్టాను. తుడవడానికి కళ్లజోడు డబ్బాలో వచ్చే మెత్తని గుడ్డ పీట దగ్గరే ఉంచాను. ముందు ఉఫ్‌మని ఊది ఇసుకా పిండీ దులపాలి. తర్వాత గుడ్డ ఒక మూల కాస్త తడిపి తుడవాలి. టూత్‌పేస్టు, కిటికీ అద్దాలకి కొట్టే అమ్మోనియా ద్రవం మాత్రం ముట్టించొద్దని గట్టిగా చెప్పాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ గ్లాసు మీద మళ్లీ చుక్క వేసి చూస్తాను. పరుచుకుంటే రెండోది అతికించేస్తాం.