పెద్ద మానిటర్‌కు తగిన ల్యాప్‌టాప్: రెండేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నాది పుస్తకాల పని. అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫులు దిద్దుతాను, పేజీలు కూర్చుతాను. రచయిత పంపిన ప్రతి ఒకవైపు, దిద్దుతున్న పేజీ మధ్యలో, నిఘంటువు మరోవైపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. అందుకే 40 అంగుళాల వెడల్పాటి మానిటర్ తీసుకున్నాను. దాని రిజల్యూషన్ 5120×2160, అంటే కోటీ పది లక్షలకు పైగా పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ తెరతో పోలిస్తే ఐదు రెట్ల పైమాటే.

మానిటర్ ఎంపిక తేలికగానే తేలిపోయింది. దాన్ని పూర్తి రిజల్యూషన్‌లో, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 చిత్రాలు) వేగంతో, రోజంతా నమ్మకంగా నడిపే ల్యాప్‌టాప్ దొరకడానికే చాలాకాలం పట్టింది. ఆ వెతుకులాటలో మూడు నాలుగు యంత్రాలను ఇదే మానిటర్‌కు తగిలించి పనిచేశాను. ఇప్పుడు వాడుతున్నది రెండేళ్లు దాటినా నా బల్లమీద నిలిచి ఉంది. ఇంతకాలం వాడాక నేను గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే: పెద్ద మానిటర్ కోసం ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ప్రాసెసర్ కంటే ముందు పోర్టు, అంటే కేబుల్ తగిలించే చోటు, చూడాలి.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 5120ని 2160తో గుణించి, ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్ల రంగు, సెకనుకు 60 చిత్రాలు అనుకుంటే, సెకనుకు పంపాల్సిన సమాచారం దాదాపు 16 గిగాబిట్లు అవుతుంది. చిత్రానికీ చిత్రానికీ మధ్య ఉండే విరామం కలిపితే ఇంకాస్త పెరుగుతుంది. చిత్రాన్ని మానిటర్‌కు పంపే పోర్టుల్లో హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ అని రెండు ప్రధాన రకాలున్నాయి. హెచ్‌డీఎంఐ 2.0 మొత్తం సామర్థ్యం 18 గిగాబిట్లే అయినా అందులో చిత్రానికి దక్కేది 14.4 మాత్రమే. అంటే చాలదు. డిస్‌ప్లేపోర్ట్ 1.2లో చిత్రానికి 17.28 గిగాబిట్లు దొరుకుతాయి, అంచుమీద సరిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4కు వస్తే అది 25.92. అక్కడికి చేరాకే ఈ తెర హాయిగా నడుస్తుంది. ఈ లెక్కలో ప్రాసెసర్ ఊసే లేదు. ఎంత ఖరీదైన చిప్ ఉన్నా, బయటికి వెళ్లే దారి ఇరుకైతే తెరమీద కనిపించేది ఆ ఇరుకే.

మొదట తగిలించిన పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ తప్ప వేరే దారి లేదు. పూర్తి రిజల్యూషన్ వచ్చింది కానీ 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది. సినిమా చూసేవాళ్లకు ఇది పట్టకపోవచ్చు. పనిచేసే చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది. మౌస్ కదిపితే బాణం గుర్తు జారుతూ రాదు, అడుగులు వేస్తూ వస్తుంది. పేజీని కిందికి తోస్తే వరుసలు ఒక్క కుదుపుతో మారతాయి, చదువుతున్న వాక్యం చూపుకు తప్పిపోతుంది. సాయంత్రానికి కళ్లు లాగేవి.

వేగం పెంచమని అడిగినప్పుడు ఇంకో ల్యాప్‌టాప్ చేసిన పని నాకు ఇంతకంటే ఎక్కువ ఇబ్బంది తెచ్చింది. దారి చాలనప్పుడు కొన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లు మనకు చెప్పకుండానే రంగుల సమాచారాన్ని కుదిస్తాయి. వెలుగునీడల వివరం ప్రతి పిక్సెల్‌కూ విడిగా వెళుతుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే వెళుతుంది. దీన్నే 4:2:0 అంటారు. తెల్లటి పేజీమీద నల్లటి అక్షరాలు మామూలుగానే ఉంటాయి కాబట్టి తేడా పసిగట్టడం కష్టం. నేను రాత్రిపూట ముదురు బూడిద నేపథ్యం పెట్టుకుంటాను, సవరణలన్నీ ఎర్ర అక్షరాల్లో ఉంటాయి. అక్కడ బయటపడింది. ఎరుపు చుట్టూ మసక పరుచుకుని అక్షరం అంచులు కరిగిపోయినట్టు కనిపించాయి. తెలుగులో ద, ధ అక్షరాల తేడా అంతా కింది చిన్న గీతలోనే ఉంది. చ, ఛ కూడా అంతే. ఆ గీతే మసకలో కలిసిపోతే ప్రూఫు దిద్దేవారికి ఇంకేం మిగులుతుంది? తెర పాడైందనుకుని మానిటర్ మార్చేవాళ్లు ఉంటారు. నిజానికి తెర దోషం ఏమీ లేదు.

యూఎస్‌బీ-సీ పోర్టు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, కొనేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. చూడటానికి రంధ్రం ఒకటే. లోపల మాత్రం రకరకాలు. కొన్ని పోర్టులు చార్జింగ్‌కు, ఫైళ్లు పంపడానికి మాత్రమే పనికొస్తాయి, వాటి నుంచి చిత్రమే రాదు. కొన్ని డిస్‌ప్లేపోర్ట్ 1.2 స్థాయిలో, కొన్ని 1.4 స్థాయిలో పంపుతాయి. ఇంకొన్ని థండర్‌బోల్ట్, అంటే చిత్రాన్నీ ఫైళ్లనూ ఒకే కేబుల్ మీద ఎక్కువ వేగంతో మోసే రకం. ఒకే ల్యాప్‌టాప్‌లో పక్కపక్కనే ఉన్న రెండు పోర్టులు కూడా ఒకలాంటివని అనుకోవద్దు. మెరుపు గుర్తు ఉంటే సాధారణంగా థండర్‌బోల్ట్ అని అర్థం. గుర్తేమీ లేకపోతే తయారీదారు పూర్తి సాంకేతిక వివరాల పత్రం తెరిచి, ఏ పోర్టు నుంచి ఎంత రిజల్యూషన్, ఎన్ని హెర్ట్జ్ అన్న వరుస వెతకాలి. ‘4కే సపోర్ట్’ అని రాసి హెర్ట్జ్ చెప్పని చోట నేను 30 అనే అనుకుంటాను. హెచ్‌డీఎంఐ 2.1 అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండటం కూడా కుదరదు. ఆ ప్రమాణం చెప్పే గరిష్ఠ వేగం 48 గిగాబిట్లే అయినా అందులోని కొత్త సౌకర్యాలు ఐచ్ఛికం కావడంతో, పాత 2.0 వేగంతో పనిచేసే పోర్టుకు కూడా ఆ పేరు పెట్టుకోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. మామూలు యూఎస్‌బీ-సీ కేబుల్‌లో వేగంగా సమాచారం మోసే దారులు నాలుగు. నాలుగూ చిత్రానికి ఇస్తే మానిటర్ వెనుక ఉన్న యూఎస్‌బీ పోర్టులు పాత యూఎస్‌బీ 2.0 వేగానికి పడిపోతాయి. రెండు చిత్రానికి, రెండు యూఎస్‌బీకి పంచితే చిత్రానికి మిగిలేది డిస్‌ప్లేపోర్ట్ 1.4లో కూడా 13 గిగాబిట్లలోపే. 4కే తెరకు అది సరిపోతుంది, నా మానిటర్‌కు చాలదు. మానిటర్ మెనూలో ఈ రెంటిలో ఏది కావాలో ఎంచుకోమంటుంది. నాకు రెండూ కావాలి, ఎందుకంటే స్కాన్ చేసిన పేజీల ఫైళ్లు భారీగా ఉంటాయి, ఆ డిస్క్ మానిటర్‌కే తగిలించి ఉంటుంది.

ఆ ఎంచుకోవాల్సిన అవసరమే లేకుండా చేసింది థండర్‌బోల్ట్. 40 గిగాబిట్ల దారిలో చిత్రం పూర్తిగా వెళ్లాక కూడా డిస్క్‌కూ, నెట్‌వర్క్‌కూ చోటు మిగులుతుంది. నేను చివరికి తీసుకున్నది ఇంటెల్ కోర్ ఐ7-1260పీ ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, రెండు థండర్‌బోల్ట్ 4 పోర్టులు ఉన్న 14 అంగుళాల ల్యాప్‌టాప్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మానిటర్‌లోనూ థండర్‌బోల్ట్ ఉంది కాబట్టి ఒకే కేబుల్‌తో చిత్రం, డిస్క్, కీబోర్డు, చార్జింగ్ అన్నీ నడుస్తున్నాయి. ఉదయం కేబుల్ పెడతాను, సాయంత్రం తీస్తాను. మానిటర్ ఇచ్చే 90 వాట్లు ఈ ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ తక్కువ కాలేదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న యంత్రాలకు అది చాలదు, వాటికి సొంత చార్జర్ తప్పనిసరి.

విడి గ్రాఫిక్స్ లేకపోవడం లోటా అని అడిగేవారికి నా అనుభవం చెబుతాను. వందల పేజీల పుస్తకం, పాతిక ముప్పై బ్రౌజర్ ట్యాబులు, పక్కన వీడియో పెట్టినా తడబాటు కనిపించలేదు. కాకపోతే మెమరీ రెండు చానళ్లలో, అంటే ప్రాసెసర్‌కు రెండు దారుల్లో కలిసి, ఉండాలి. చిప్‌లోనే ఉండే గ్రాఫిక్స్ ప్రధాన మెమరీనే పంచుకుంటుంది, కాబట్టి ఒక్క చానలే ఉంటే మెమరీ నుంచి సమాచారం వచ్చే వేగం సగానికి పడిపోతుంది. ఈ తరం ఇంటెల్ చిప్‌లలో గ్రాఫిక్స్‌కు ఐరిస్ ఎక్స్‌ఈ అనే పేరు కనిపించాలంటే రెండు చానళ్లూ నిండి ఉండాలి. కొనేముందు ఆ పేరు చూసుకుంటే చాలు.

ఒక సహోద్యోగి దగ్గర తీసుకుని కొంతకాలం వాడిన గేమింగ్ ల్యాప్‌టాప్ ఇందుకు పూర్తిగా భిన్నం. దాని బయటి పోర్టు నేరుగా పెద్ద గ్రాఫిక్స్ కార్డుకే కలిపి ఉంది. మానిటర్ తగిలించి ఉన్నంతసేపూ ఆ కార్డు మేలుకునే ఉండేది, ఒక పేజీ చదువుతున్నా ఫ్యాన్ హోరు ఆగేది కాదు. నిశ్శబ్దంలో చదవాల్సిన పనికి అలాంటిది నేను సిఫారసు చేయను.

నా ల్యాప్‌టాప్‌లోనూ లోపాలున్నాయి. మొదటి ఏడాది నిద్ర నుంచి లేచినప్పుడు మానిటర్ అప్పుడప్పుడు నల్లగానే ఉండిపోయేది, కేబుల్ తీసి పెడితే గానీ వెలిగేది కాదు. తయారీదారు పంపిన ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలి సాఫ్ట్‌వేర్) నవీకరణ తర్వాత చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఈ స్థాయి ధర పెట్టిన యంత్రంలో ఇది ఉండకూడదు. మూత మూసి నడిపితే వేడి ఎక్కువగా నిలుస్తోంది, అందుకే తెరిచే ఉంచుతాను. ఆ చిన్న తెర, పెద్ద తెర రెండింటికీ 125 శాతం స్కేలింగ్ (అక్షరాలను పెద్దవి చేసి చూపే అమరిక) పెట్టుకున్నాను. శాతాలు ఒకటే కావడంతో ప్రోగ్రామ్ విండోను ఒక తెర నుంచి ఇంకోదానికి లాగినా పాత ప్రోగ్రాముల అక్షరాలు మసకబారడం లేదు.

కేబుల్ విషయంలో పొదుపు వద్దు. ఫోన్లతో వచ్చే చాలా కేబుళ్లు యూఎస్‌బీ 2.0 రకం. వాటిలో చిత్రం మోసే తీగలే ఉండవు, పెడితే చార్జింగ్ అవుతుంది, తెర వెలగదు. పోర్టు తక్కువైన ల్యాప్‌టాప్‌కు డిస్‌ప్లేలింక్ డాక్ (యూఎస్‌బీ ద్వారా మానిటర్ తగిలించే పెట్టె) పెట్టుకోమని సలహా ఇస్తుంటారు. అది చిత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో కుదించి యూఎస్‌బీ మీదుగా పంపుతుంది, ఆ భారం ప్రాసెసర్ మోస్తుంది. లెక్కల పట్టికలకు పనికొస్తుందేమో గానీ ఇంత పెద్ద తెరకు నాకు నచ్చలేదు.

మ్యాక్‌బుక్ వైపు చూసేవారికి ఒక్క మాట. 2020 నాటి ఎం1 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్ కూడా 6కే (దాదాపు ఆరు వేల పిక్సెళ్ల వెడల్పు) తెరను 60 హెర్ట్జ్‌తో నడుపుతుంది, కానీ బయటి మానిటర్ ఒక్కటే. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండింటిని నడుపుతుంది. ఒకే పెద్ద మానిటర్ చాలనుకుంటే పాతదైనా పనికొస్తుంది.

ఏది కొన్నా, తిరిగి ఇచ్చే గడువులోపే మీ మానిటర్‌కు తగిలించి చూడండి. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, ఆ కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే డెస్క్‌టాప్ మోడ్, యాక్టివ్ సిగ్నల్ మోడ్ అని రెండు వరుసలుంటాయి. రెండింటిలోనూ మీ మానిటర్ అసలు రిజల్యూషన్ ఉండాలి. రంగు ఫార్మాట్ దగ్గర ఆర్‌జీబీ (రంగులు కుదించలేదని అర్థం) అని, రిఫ్రెష్ రేటు 60 దగ్గర ఉండాలి. నా తెరమీద రెండేళ్లుగా అవే అంకెలు నిలకడగా ఉన్నాయి. ఇదే రిజల్యూషన్‌లో 120 హెర్ట్జ్ మానిటర్లు వచ్చాయి, వాటికైతే డీఎస్‌సీ అనే కుదింపు గానీ డిస్‌ప్లేపోర్ట్ 2.1 గానీ పూర్తి వేగపు హెచ్‌డీఎంఐ 2.1 గానీ ఉన్న ల్యాప్‌టాప్ చూసుకోవాలి. అక్షరాలతో చేసే నా పనికి 60 చాలు.