విశాఖలో పాత ఇల్లు రిపేరు, సామాను షిఫ్టింగ్ ఒకే మనిషికి అప్పగించేముందు ఇది చదవండి

"రిపేర్లు, రంగులు, సామాను షిఫ్టింగ్ అన్నీ మేమే చూసుకుంటాం. పని అయ్యేదాకా మీ సామాను మా గోడౌన్‌లో భద్రంగా ఉంటుంది. మీరు వచ్చి పాలు పొంగించుకోవడమే." మాకు దొరికిన ప్యాకేజీ ఇది. ఒకే బిల్లు, ఒకే ఫోన్ నంబరు. మీకూ ఎవరైనా ఇలా చెబితే ఒప్పుకోకండి. రేటు తక్కువైనా సరే, తెలిసినవాళ్ళు చెప్పినా సరే. మీ ఇల్లు పగలగొట్టి కూర్చున్నవాడి దగ్గరే మీ సామాను కూడా ఉంటే, పని బాగాలేదని అడిగే ధైర్యం మీకుండదు. డబ్బు ఆపే దారీ ఉండదు.

మాది గాజువాకలో అద్దె ఫ్లాటు. ఎంవీపీ కాలనీలో 1980ల నాటి ఇల్లు కొన్నాం. కింద, పైన ఒక్కో పోర్షన్, మొజాయిక్ గచ్చు, పాత టేకు తలుపులు. అదే సమయంలో నాకు ఎడ్‌సెట్‌లో ర్యాంకు వచ్చి బీఈడీ సీటు దొరికింది. పెళ్ళి, పిల్లలు, అన్నీ అయ్యాక మళ్ళీ చదువు. బీఈడీ అంటే పరీక్షలకు వెళ్ళి రాసి వచ్చేది కాదు. రెండేళ్ళ కోర్సు. టీచర్ల కోర్సులకు నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ ప్రకారం క్లాసులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. అందుకే క్లాసులు మొదలయ్యేలోపు ఇంట్లో దిగిపోవాలనుకున్నాం.

మొదటిసారి ఇల్లు చూడటానికి వచ్చినప్పుడే కాంట్రాక్టరు అడిగాడు, "మేడమ్, మీకు క్లాసులు ఎప్పటినుంచి?" అని. మా ఆయన్ని, "సార్, ఫ్లాటు ఎప్పుడు ఖాళీ చేయాలి?" అని. మర్యాదకి అడిగాడనుకున్నాం. ఆ తర్వాత ప్రతి గొడవలోనూ అతను వాడుకున్నది ఈ రెండు తేదీలనే. పిల్లల స్కూళ్ళు జూన్‌లో తెరుస్తారని అందరికీ తెలుసు కాబట్టి, వేసవిలో ఇల్లు మారేవాళ్ళందరికీ ఇదే ఇబ్బంది ఉంటుంది. మీకు ఎప్పటికి అవసరమో దానికి కనీసం నెల ముందు తేదీ చెప్పండి. అసలు తేదీ మీ ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియనివ్వకండి.

ఇక ఇంటి సంగతి. అమ్మినవాళ్ళు హాల్లో, పెద్ద గదిలో కొత్తగా ఫాల్స్ సీలింగ్ వేయించి, లైట్లు పెట్టి అందంగా చూపించారు. కాంట్రాక్టరు వచ్చి అది విప్పగానే పైన శ్లాబు పెచ్చులూడిపోయి, రాడ్లు ఎర్రగా తుప్పు పట్టి వేలాడుతున్నాయి. సముద్రం దగ్గర ఊళ్ళో ఇది వింతేమీ కాదు. ఉప్పు గాలిలోని క్లోరైడు ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి ఇంకి రాడ్డును తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, దాంతో లోపలినుంచి ఒత్తిడి పెరిగి కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. కొన్నిచోట్ల రాడ్డు మీద కాంక్రీటు మందం (కవరింగ్) చాలక ఇంకా తొందరగా వస్తుంది. పాత ఇంట్లో కొత్త ఫాల్స్ సీలింగ్ కనబడితే, బయానా ఇచ్చేముందే ఒక మూల విప్పి చూపించమని అడగండి. విప్పనంటే అక్కడే మీకు సమాధానం దొరికినట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఏమేం బాగుచేయించారో కూడా అడగండి. ఆ తుఫానుకి ఏమీ కాలేదని చెప్పే పాత ఇల్లు ఈ ఊళ్ళో ఉంటే నేనూ చూడాలి.

ఈసీ (ఆస్తి మీద లావాదేవీల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు, 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తులది), ఇంటి పన్ను, కుళాయి పన్ను, కరెంటు బకాయిలు అందరూ చూసేవే. మాకు అవన్నీ శుభ్రంగానే ఉన్నాయి. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, వెంకటాపురం, పురుషోత్తపురం వైపు కొనేవాళ్ళు ఆ భూములు సింహాచలం దేవస్థానానివన్న పాత వివాదం సంగతి లాయరుతో చూపించుకోకుండా ముందుకు వెళ్ళకండి. కాగితాల గురించి ఇక్కడ ఇంతే చెబుతాను. మాకు దెబ్బ తగిలింది కాగితాల దగ్గర కాదు.

శ్లాబుకి ఏం చేస్తారని అడిగితే "కెమికల్ ట్రీట్‌మెంట్ చేస్తాం మేడమ్, ఇరవై ఏళ్ళు గ్యారంటీ" అన్నాడు. చేసింది ఏమిటంటే, వదులుగా ఉన్న పెచ్చులు సుత్తితో రాల్చి, పైన సిమెంటు మాలు అతికించి, పుట్టీ పెట్టేశారు. రాడ్ల మీద తుప్పు అలాగే ఉంది. నేను మేస్త్రిని అడిగాను. విజయనగరం వైపు నుంచి వచ్చిన పెద్దాయన. "ఏటి సేస్తామమ్మా, ఆయన సెప్పినట్టు సేస్తాం. బ్రెష్షు కొట్టమంటే కొడతాం, పూసేయమంటే పూసేస్తాం" అన్నాడు. నిజమే కదా, ఆయన కూలికి వచ్చిన మనిషి.

సరిగా చేయాలంటే రాడ్డు చుట్టూ, వెనకవైపు కూడా ఖాళీ వచ్చేదాకా కాంక్రీటు చెక్కాలి (చిప్పింగ్). వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా తుప్పు తీయాలి. బాగా సన్నబడిన చోట కొత్త రాడ్డు కట్టాలి. తుప్పు నిరోధించే జింక్ ప్రైమర్ పూసి, తర్వాత పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. ఆ పైన తడపాలి, పాలిమర్ లేని మామూలు సిమెంటు పనికైతే కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అయితే 10 రోజులు. మా ఇంట్లో సాయంత్రం పూత పూసి మర్నాడు పుట్టీ పట్టారు. అంత తొందర ఎందుకో తర్వాత అర్థమైంది. అగ్రిమెంటులో "పుట్టీ పని మొదలైనప్పుడు" ఒక వాయిదా రాసి ఉంది. పని సగం కాకముందే మొత్తంలో 70 శాతం అతని చేతికి వెళ్ళిపోయింది. వాయిదాలు "మొదలైనప్పుడు" అని రాస్తే జరిగేది ఇదే. "పూర్తయి, పరీక్షించి చూశాక" అని రాయించుకోండి.

మొదటి గట్టి వానకే పెద్ద గది మూల నీరు దిగింది. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ అయిపోయిందని అప్పటికే డబ్బు తీసుకున్నాడు. చుట్టూ చిన్న గట్లు కట్టి, ఒకటి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూపించమని మా ఆయన ముందే అడిగితే, "వాన పడితే తెలుస్తుంది కదా సార్" అన్నాడు. ఆ ఒక్క మాటా నిజమే చెప్పాడు. బాత్రూముల్లోనూ టైల్స్ వేసేముందు ఇలాగే నీళ్ళు నిలబెట్టి చూడాలి. గోడల్లో పైపులు మూసేముందు ప్రెషర్ టెస్టు చేయించాలి. టైల్స్ వేశాక లీకు తెలిస్తే మళ్ళీ మీ డబ్బుతోనే పగలగొట్టాలి.

వైరింగులో కూడా చేతివాటం చూపించాడు. కొటేషన్‌లో మంచి బ్రాండు వైరు, ఏసీకి, గీజరుకు 4 స్క్వేర్ ఎంఎం, ప్లగ్గులకు 2.5 అని రాశాడు. హాల్లో మాకు చూపించిన డబ్బాలు బ్రాండువే. పై గదిలో వేరే ఎలక్ట్రీషియన్‌తో స్విచ్‌బోర్డు విప్పించి చూస్తే, ఏసీ పాయింటుకి 2.5 వైరు, అదీ పేరు తెలియని కంపెనీది. వైరు మీద సైజు, కంపెనీ పేరు అచ్చువేసి ఉంటాయి. గొట్టంలోకి లాగేటప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. పాత ఇళ్ళలో ఎర్తింగ్ ఉందో లేదో కూడా నమ్మలేం. దాన్ని పరీక్షించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించుకోండి.

ఇంకో చిన్న విషయం. పగలగొట్టిన రద్దు (ఇటుక ముక్కలు, పెచ్చులు) రాత్రికి రాత్రి మా వీధి చివర గెడ్డలో (కాలువలో) పోసేశారు. మర్నాడు వీధివాళ్ళంతా వచ్చి నిలబడింది మా గేటు దగ్గర, కాంట్రాక్టరు ఇంటి ముందు కాదు. రద్దు ఎక్కడికి తీసుకెళ్తారో, ఆ ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి.

ఇదంతా జరుగుతున్నా మేం గట్టిగా అడగలేకపోయాం. ఎందుకంటే ఫ్లాటు ఖాళీ చేయాల్సిన తేదీ రాగానే మా సామానంతా అతని వ్యాన్‌లో, అతని గోడౌన్‌కి వెళ్ళిపోయింది. మేం మా ఆడపడుచుగారింట్లో సర్దుకున్నాం. గోడౌన్ మొదటి నెల ఉచితం అన్నాడు. రెండో నెల నుంచి రోజుకింత అని వాట్సాప్‌లో ఒక లెక్క పంపాడు. అగ్రిమెంటులో ఆ మాటే లేదు. "పని ఆలస్యం చేసింది మీరు కదా, దానికి అద్దె మేమెందుకు కట్టాలి?" అంటే, "వానలకి ఆగింది మేడమ్, నేనేం చేయను" అన్నాడు. శ్లాబు సంగతి తేల్చండి అని మేం డబ్బు ఆపిన వారంలోనే ఫోన్లు ఎత్తడం మానేశాడు.

ఈలోగా కాలేజీలో రిపోర్టు చేయాల్సిన తేదీ దగ్గరపడింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి, డిగ్రీ, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ. ఆ ఫైలు ఎక్కడుంది? ఇల్లు సర్దే గందరగోళంలో పోతుందేమోనని అత్తయ్యగారు జాగ్రత్తగా తీసి బీరువా లాకరులో పెట్టారు. బీరువా గోడౌన్‌లో ఉంది. ఆవిడ పాపం, "నా చేత్తోనే పెట్టానే అమ్మాయ్" అని ఎంత బాధపడ్డారో. కాంట్రాక్టరుకి మెసేజ్ పెట్టాం, సామాను తర్వాత తీసుకుంటాం, బీరువా ఒక్కసారి తెరవనివ్వండి చాలు అని. అప్పుడు మాత్రం జవాబు వెంటనే వచ్చింది. "బ్యాలెన్స్ క్లియర్ చేయండి, గేటు తీస్తాం."

స్టేషన్‌కి వెళ్తే ఇది డబ్బు లావాదేవీ గొడవ, మాట్లాడుకోండి అన్నారు. ఎస్సైగారు ఒకసారి ఫోన్ చేసి మందలించాక మొత్తం తగ్గించాడుగానీ వదల్లేదు. చివరికి డబ్బు కట్టాం. కట్టేముందు ఒక లాయరుగారు ఇచ్చిన సలహా మీకూ పనికొస్తుంది. నగదు ఇవ్వకండి, బ్యాంకు ద్వారా పంపండి. పంపేముందు "ఈ మొత్తం మేం ఒప్పుకోవడం లేదు, సామాను విడిపించుకోవడానికి అభ్యంతరంతో చెల్లిస్తున్నాం" అని మెసేజ్‌గా, మెయిల్‌గా రాసి పెట్టుకోండి. తర్వాత "మీరే ఒప్పుకుని కట్టారు" అనకుండా అది కాపాడుతుంది.

సామాను వచ్చింది. పరుపులకు బూజు, పుస్తకాల పెట్టెకు చెదలు, ఫ్రిజ్ తలుపుకు సొట్ట. మిక్సీ, ఇత్తడి బిందెల మూట రాలేదు. లిస్టులో ఉన్నాయా అన్నాడు. మాకిచ్చిన లిస్టులో "కిచెన్ ఐటమ్స్, బాక్సులు" అని మాత్రమే రాసి ఉంది. సామాను ఎవరికిచ్చినా ప్రతి పెట్టెకు నంబరు వేసి, లోపలేముందో రాసి, ఫోటో తీసి, తీసుకెళ్ళేవాడి సంతకం మీరు తయారుచేసిన లిస్టు మీద తీసుకోండి. సర్టిఫికెట్లు, బంగారం, ఇంటి కాగితాలు, పిల్లల టీసీలు వ్యాను ఎక్కించొద్దు, మీ చేతి సంచిలోనే ఉండాలి. పెద్దవాళ్ళకు కూడా ఈ మాట ముందే చెప్పండి. ఇంటి పని పూర్తికాకపోతే సామాను సంబంధంలేని వేరేచోట పెట్టండి, బంధువుల ఖాళీ గదైనా పర్వాలేదు. అద్దె ఫ్లాటు యజమానికి ఇంకో నెల అద్దె కట్టడం మాకు అప్పట్లో దండగ అనిపించింది. చివరికి గోడౌన్‌కి కట్టింది అంతకంటే ఎక్కువ.

ఇప్పటికే ఇలాంటి దాంట్లో ఇరుక్కున్నవాళ్ళకు: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్ళోనే కేసు వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ మెసేజ్‌లు, ఫోటోలు తేదీలవారీగా పెట్టుకోండి. శ్లాబు గురించి నోటి మాట సరిపోదు. మేం స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించి, రిపోర్టు రాయించుకున్నాం. మా కేసుకి బలం ఆ రిపోర్టే అని లాయరుగారు అంటున్నారు.

సర్టిఫికెట్లు ఆఖరి రోజు సమర్పించి కాలేజీలో చేరాను. ఇంటి పని ఇప్పుడు వేరే మేస్త్రి చేస్తున్నాడు. ఒక్కో పనికి ఒక్కో రేటు, పని చూశాకే డబ్బు, సిమెంటూ వైరూ మేమే షాపులో కొని తెస్తున్నాం. కమిషన్ నుంచి పాత కాంట్రాక్టరుకి నోటీసు వెళ్ళింది, ఇంకా జవాబు రాలేదు. కేసు నడుస్తోంది కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు, దయచేసి ఎవరూ అడగొద్దు.