శాలిహుండం మీదుగా కళింగపట్నం: ఒక పూట ప్రయాణం

వంశధార సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు ఓడరేవుగా వెలిగిన కళింగపట్నానికి శ్రీకాకుళం నుంచి వెళ్లేవారు, ముందుగా నది దక్షిణపు గట్టున ఉన్న శాలిహుండం కొండ ఎక్కడం మేలు. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన ఈ బౌద్ధ క్షేత్రంలో స్తూపాలు, చైత్యాలు (బౌద్ధుల ప్రార్థనా మందిరాలు) ఉన్నాయి. ఇక్కడ తార, మారీచి అనే బౌద్ధ దేవతల శిల్పాలు కూడా దొరికాయి. స్తూపం పక్కన కూర్చుని చూస్తే, ఒక్కో ఇటుక మన ఇంటి గోడల ఇటుకకంటే ఎంతో పెద్దదని, అంచులు అరిగినా వరస చెదరలేదని తెలుస్తుంది. పూర్వం శాలిహుండాన్ని శాలివాటిక అనేవారట. శాలి అంటే వరి కదా, ధాన్యపు కొట్టుగా పేరుపడి ఉంటుంది.

కళింగపట్నంలో లైట్‌హౌస్, ఇసుక తీరం తప్ప రేవు వైభవం పెద్దగా కనిపించదు. మేము భోజనం చేసిన చోట చేపల వేపుడు చల్లారిపోయింది, ధర మాత్రం విశాఖపట్నం ధరే. కొండపై నీడ తక్కువ కనుక ఉదయం 8 గంటలకే చేరుకోవాలి, మంచినీళ్లు వెంట ఉంచుకోవాలి.