న్యూ లానార్క్: పత్తి మిల్లులో ఒక రాత్రి

గుంటూరు నుంచి వచ్చిన అమ్మకు స్కాట్లాండ్ కోటలన్నీ ఒకేలా కనిపించడం మొదలయ్యాక, పాత పత్తి మిల్లుల ఊరు న్యూ లానార్క్ తీసుకెళ్లాను. గ్లాస్గో సెంట్రల్‌లో రైలెక్కితే గంటలోపే లానార్క్. అక్కడి నుంచి క్లైడ్ నది లోయలోకి రెండున్నర కిలోమీటర్ల దిగుడు. బస్సు టైమ్ చూసుకోకపోవడం నా తప్పే. టాక్సీవాడు మాత్రం ఫోన్‌లో చెప్పినదానికంటే ఎక్కువే గుంజాడు.

1780లలో డేవిడ్ డేల్ మొదలుపెట్టిన ఈ పత్తి మిల్లులను 1800 నుంచి ఆయన అల్లుడు రాబర్ట్ ఓవెన్ నడిపాడు. పదేళ్లలోపు పిల్లల్ని పనిలోంచి తీసి బడికి పంపాడు, కూలీలకు చవగ్గా సరుకులమ్మే దుకాణం పెట్టాడు. అయితే ప్రతి పనివాడి దగ్గరా నాలుగు రంగుల చెక్కముక్క వేలాడేది: నలుపు ముందుకుంటే నిన్న పని బాలేదని, తెలుపుంటే భేషని. మా ఆఫీసు అప్రైజలే నయం, గదిలో పిలిచి చెబుతారు. పైగా అమెరికా, వెస్టిండీస్ తోటల్లో బానిసలు తీసిన పత్తితోనే ఇలాంటి మిల్లులు నడిచాయి. ఓవెన్ మంచితనం వింటున్నప్పుడు అదీ గుర్తుండాలి.

ఇప్పుడా మిల్లులు సందర్శకులు చూసే మ్యూజియం. అందులో కూర్చోబెట్టి చీకట్లో తిప్పే రైడ్ పిల్లలకు సరే, మాకు అనవసరం. అసలు చూడాల్సింది వడికే యంత్రం. వరసగా కదుళ్లున్న బండి ముందుకొచ్చి దారం సాగదీస్తుంది, వెనక్కెళ్తూ చుట్టుకుంటుంది. అమ్మ చాలాసేపు కదల్లేదు. "పత్తి మిల్లని తెచ్చి ఉన్ని చూపిస్తావేరా?" అంది. నిజమే, మిల్లులు 1968లో మూతపడ్డాయి, ఇప్పుడక్కడ వడికేది ఉన్నే.

మేం దిగిన హోటల్ కూడా ఒకప్పటి మిల్లే. ధర ఎక్కువే, కానీ పగటి జనం వెళ్లిపోయాక నది హోరు తప్ప ఏమీ వినపడదు. అందుకే రాత్రి ఉండమంటాను. ఈ ఊళ్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి, వాళ్ల కిటికీల్లోకి కెమెరాలు పెట్టకండి.

కోరా లిన్ జలపాతానికి పొద్దున్నే నడిచాం. పైనుంచి కొంత నీరు కరెంటుకు మళ్లిస్తారు కాబట్టి వానలు పడ్డాక వెళ్తేనే కన్నుల పండుగ. మాకు సగం పండుగే దక్కింది. దారిలో మెట్లున్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు ఊళ్లోనే ఆగడం మేలు.

వచ్చేటప్పుడు అమ్మ అక్కడ వడికిన ఉన్ని ఉండలు నాలుగు కొంది. గుంటూరు ఎండల్లో స్వెట్టర్ ఎవరికని నేనడగలేదు.