బుధవారం టీకాలు: మా ఊరి ఉపకేంద్రంలో తొమ్మిది నెలలు

పురిటికి విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గరున్న మా పుట్టింటికి వచ్చాను. సెలవు అయిపోయాక కూడా పాపను అమ్మ దగ్గరే ఉంచి బడికి వెళ్తున్నాను. అందుకే నెలన్నర టీకా నుంచి మొన్నటి తొమ్మిదో నెల టీకా వరకు, ఒక్కటి తప్ప అన్నీ ఈ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోనే వేయించాను. చిన్న బిడ్డలున్నవాళ్లు ఇక్కడికి నిశ్చింతగా వెళ్లవచ్చు. రూపాయి ఖర్చు లేదు, కానీ నేను మెచ్చుకునేది దానికోసం కాదు. ఇక్కడి సిస్టర్ గారు ఏ మందు ఎందుకు వేస్తున్నారో, అది ఒంట్లో ఏం చేస్తుందో తల్లికి చెప్పకుండా సూది పట్టుకోరు. హైస్కూల్లో నేను చెప్పేది జీవశాస్త్రం. వ్యాధి నిరోధకత గురించి ఇంత తేట తెలుగులో చెప్పగలిగినవాళ్లను నేను తక్కువ మందినే చూశాను.

పాప పట్నంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పుట్టింది. కాలేయాన్ని దెబ్బతీసే వైరస్‌ను ఆపే హెపటైటిస్ బి టీకా పుట్టిన 24 గంటల్లోపు పడాలి. తల్లికి ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు సోకే ప్రమాదం ఉంటుంది, టీకా దాన్ని అడ్డుకోవాలంటే ఆలస్యం కాకూడదు. అక్కడ అడిగి అడిగి రెండో రోజు సాయంత్రం వేయించుకున్నాను. ఏ మందు వేశారంటే "అన్నీ వేశాం" అన్నారు. ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు సిస్టర్ గారు కార్డులో ముందు చూసింది ఆ తేదీనే. నా రక్తపరీక్షల కాగితాలు తెప్పించుకుని, నాకు ఆ వైరస్ లేదని నిర్ధారించుకున్నాకే పేజీ తిప్పారు.

ఆ రోజే బీసీజీ, అంటే క్షయ టీకా, సంగతి వచ్చింది. పాప ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేచి చీము పట్టినట్టుంది. అమ్మ పసుపు అద్దుదామని అంతకు ముందు రోజు నుంచీ అంటోంది. "ఏమీ రాయకండమ్మా, గుడ్డ కూడా కట్టకండి. అది పుండు కాదు, లోపల పని జరుగుతోందని గుర్తు" అన్నారు సిస్టర్ గారు. ఆ మాటలో చాలా ఉంది. పశువులకు క్షయ తెచ్చే బాక్టీరియాను 1908 నుంచి 1921 వరకు ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే శాస్త్రవేత్తలు 230 సార్లు పెంచి పెంచి బలహీనపరిచారు. బీసీజీలో ఉన్నది ఆ బతికున్న, శక్తి తగ్గిన క్రిమే. క్షయ క్రిమి మన కణాల లోపలే దాక్కుంటుంది కాబట్టి రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. క్రిమి దాగిన కణాన్ని గుర్తుపట్టి, దానికి లోపలి క్రిమిని చంపే బలమిచ్చే టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కావాలి. చర్మం పై పొరల్లో వేసిన ఆ చుక్క మందు వాటినే తయారు చేస్తుంది. పసిపిల్లల్లో మెదడు పొరలకు పాకే క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి అదే కాపాడుతుంది. అమ్మ పసుపు డబ్బా మళ్లీ తీయలేదు.

నెలన్నర రోజున నోట్లో రెండు మందులు, ఒంటి మీద మూడు సూదులు. తల్లి గుండె ఆగుతుంది, నిజమే. నా పక్కన కూర్చున్న అమ్మాయి పోలియో చుక్కలు వేశాక మళ్లీ పోలియో సూది ఎందుకని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. పోలియో వైరస్ నోటి ద్వారా వచ్చి పేగులో పెరుగుతుంది. చుక్కల్లో ఉన్న బలహీనమైన వైరస్ కూడా అదే దారిన వెళ్లి పేగు గోడ దగ్గరే కాపలా పెడుతుంది. సూదిలో ఉన్నది చంపిన వైరస్. అది రక్తంలో ప్రతిరక్షకాలను పుట్టించి వైరస్‌ను నరాల దాకా పోనివ్వదు. పైగా 2016 ఏప్రిల్‌లో చుక్కల నుంచి రెండో రకం పోలియో వైరస్‌ను తీసేశారు. ఆ రకానికి రక్షణ సూది నుంచే రావాలి. సిస్టర్ గారు దీన్ని "చుక్కలు గుమ్మం దగ్గర కాపలా, సూది ఇంటి లోపల కాపలా" అని ఒక్క వాక్యంలో చెప్పేశారు. ఆ వాక్యం ఇప్పుడు నా తరగతిలో కూడా వాడుతున్నాను.

ఎడమ తొడకు వేసేది పెంటావాలెంట్. ఒకే సీసాలో అయిదు జబ్బులకు మందు, అయిదింటిదీ ఒకే పద్ధతి కాదు. కంఠసర్పి, ధనుర్వాతం విషంతో చంపుతాయి కాబట్టి వాటి విషాన్నే ఫార్మాలిన్‌తో విరిచి ఇస్తారు. అప్పుడు శరీరం విషానికి విరుగుడు నేర్చుకుంటుంది. ధనుర్వాతం వచ్చి బతికినవాళ్లకు కూడా టీకా వేయాల్సిందే, ఎందుకంటే జబ్బులో ఒంట్లోకి వెళ్లే విషం నిరోధకత పుట్టించేంత ఉండదు. కోరింత దగ్గు భాగంలో చంపిన క్రిములు పూర్తిగా ఉంటాయి. ఆ రాత్రి వచ్చే జ్వరానికి ఎక్కువగా కారణం అదే. హెపటైటిస్ బి భాగం ఈస్ట్ కణాల్లో తయారుచేసిన వైరస్ పై పొర ప్రోటీన్ మాత్రమే, అందులో వైరస్ ఉండదు. అయిదోది హిబ్, పసిపిల్లల్లో న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే బాక్టీరియా. ఆ క్రిమి చుట్టూ చక్కెరల పొర ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లల శరీరం ఒట్టి చక్కెరను పట్టించుకోదు. ఆ చక్కెరను ఒక ప్రోటీన్‌కు అతికించి ఇస్తే, ప్రోటీన్‌ను గుర్తుపట్టిన టీ కణాలు సాయానికి వస్తాయి. కొత్త మనిషిని తెలిసిన చుట్టం వెంటబెట్టుకుని వస్తే ఇంట్లోకి రానిచ్చినట్టు. కుడి తొడకు వేసే న్యుమోకోకల్ (న్యుమోనియా తెచ్చే ఇంకో క్రిమి) టీకాదీ ఇదే కిటుకు.

రెండున్నర నెలల టీకా రోజున ఊళ్లో లేకపోవడంతో ఆ శనివారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. పొద్దున్నే వెళ్లడం వల్ల మందుల పెట్టె సర్దడం చూశాను. అక్కడి ఉద్యోగి ఐస్ ప్యాకులను బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నారు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టెలో పెడుతున్నారు, లేకపోతే మళ్లీ బల్ల మీదకే. ఆ చప్పుడు కోసం ఎందుకంత ఓపిక అంటే, పెంటావాలెంట్‌లో అల్యూమినియం లవణం ఉంటుంది. మందును సూది గుచ్చిన చోట కాసేపు నిలిపి, రక్షక కణాలను అక్కడికి రప్పించేది అదే. గడ్డకట్టిన ఐస్ తగిలి మందు గడ్డకడితే ఆ లవణం ఉండలు కట్టి టీకా పనికిరాకుండా పోతుంది. టీకా వేడికి పాడవుతుందని అందరికీ తెలుసు. అతి చలికి కూడా పాడవుతుందని ఆ మనిషి చేతులను చూస్తే తెలిసింది.

తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా టీకా. సిస్టర్ గారు సీసా మీది గుర్తును ముందు నాకు చూపించారు. గుండ్రం మధ్యలో తెల్లటి చదరం ఉంది. వేడి తగిలి అది గుండ్రమంత నల్లబడితే మందు పారేయాలి. పొడిలో ద్రావకం కలిపి, లేబుల్ మీద పెన్నుతో "10-40" అని రాశారు. నాలుగు గంటలు దాటితే మిగిలింది వాడరు. ఆ రోజు ఆ టీకాకు వచ్చింది మా పాప ఒక్కతే. ఒక్క బిడ్డ కోసం సీసా విప్పుతున్నారే అని అమ్మ బాధపడింది. "మందు పోతే మళ్లీ వస్తుంది పిన్నీ, బిడ్డను వెనక్కి పంపితే మళ్లీ వస్తుందో రాదో" అన్నారావిడ. తొమ్మిది నెలల దాకా ఆగడానికి కారణం నేను ఇచ్చినదే. గర్భంలో నా నుంచి పాపకు చేరిన ప్రతిరక్షకాలు కొన్ని నెలలు తట్టును ఆపుతాయి. అవి ఉండగా టీకా వేస్తే, టీకాలోని బలహీన వైరస్‌ను కూడా అవే అణిచేస్తాయి. అవి అరిగిపోయేదాకా ఆగాలి, అంతకు మించి ఆగకూడదు.

లోపాలు కూడా రాయాలి. టీకా వేశాక అరగంట కూర్చోమంటారు, కూర్చోవడానికి ఉన్నది ఒక్క బల్ల. ఏప్రిల్ ఎండలో రేకుల వసారా కింద ఏడుస్తున్న బిడ్డతో ఆ అరగంట కష్టం. పాలివ్వడానికి చాటు లేదు, నేను చీర కొంగు కప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఒక తెర, రెండు బల్లలు, ఒక ఫ్యాను ఉంటే చాలు. పంచాయతీలో అర్జీ ఇచ్చాం, సిస్టర్ గారు కూడా సంతకం పెట్టారు.

పదింటికల్లా వెళ్లండి, కార్డు మరచిపోకండి. జ్వరం మందు మోతాదు వాళ్లే బిడ్డ బరువు చూసి చెబుతారు. పదహారో నెలలో తట్టు టీకా రెండోసారి ఎందుకని అడిగాను. మొదటిసారి కొందరు పిల్లల్లో టీకా పట్టదని, ఎవరికి పట్టలేదో పైకి తెలియదు కాబట్టి అందరికీ మళ్లీ వేస్తారని చెప్పి, కార్డు వెనక ఆ తేదీని ఎర్ర సిరాతో రాసి ఇచ్చారు.