ఏడు కిలోల బ్యాగుతో అనంతపురం నుంచి శ్రీలంకలోని హపుతలే దాకా

బయల్దేరే ముందురోజు కూడా అమ్మ "యాడికి పోతావ్‌మే ఒక్కదానివే, దేశం కాని దేశం" అంటానే ఉంది, అంటానే చెనక్కాయల పొడి పొట్లం కట్టి బ్యాగులో పెట్టింది. ఆ బ్యాగు ఏడు కిలోలు దాటకూడదు అనుకున్నా. ఆఫీసు, ఈఎంఐలు, అవసరం లేకున్నా కొనేసే సామాను, పడుకునేదాకా చేతిలో ఫోను, వీటితో తల బరువెక్కిపోయి 2024 ఫిబ్రవరిలో పది రోజులు శ్రీలంక పోయినా. రోజుకి ఒక్క పని, అంతే ప్లాన్.

మన అనంతపురం వాళ్ళకి హైదరాబాద్ కంటే బెంగళూరు ఎయిర్‌పోర్టే సులువు, పెనుకొండ, బాగేపల్లి మీదుగా పోయే బస్సు దారిలోనే ఉంటుంది. వీసా అప్పట్లో మనోళ్ళకి ఫీజు లేకుండా 30 రోజులకి ఆన్‌లైన్‌లోనే ఇచ్చినారు, ఈ రూల్స్ మారతా ఉంటాయి, పోయే ముందు చూసుకోండి.

కొలంబోలో ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే ఫోర్ట్ స్టేషన్‌లో క్యాండీ ట్రైన్ ఎక్కేసినా.

క్యాండీలో రూమ్ బాధ పెట్టింది. ఫోటోలో చెరువు కనపడే బాల్కనీ, ఇచ్చిందేమో వెనకవైపు చీకటి గది, వేడినీళ్ళకి వేరే డబ్బులు. మూడు రాత్రులకి ముందే కట్టేసినా కాబట్టి కదల్లేకపోయినా, మీరు ఒక్క రాత్రికే బుక్ చేసి నచ్చితే పెంచుకోండి. కానీ బుద్ధుడి దంతం ఉండే గుడి, దళదా మాళిగావ కోసమైనా ఆ ఊరు పోవాల్సిందే. సార్క్ దేశాల (మన దక్షిణాసియా దేశాల) వాళ్ళకి టికెట్ తక్కువ, పాస్‌పోర్ట్ చూపించాలి. అక్కడే చెక్క స్తంభాల దర్బారు మండపం ఉంది, 1815లో క్యాండీ రాజ్యం బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయిన ఒప్పందం జరిగింది అందులోనే. ఆఖరి రాజు విక్రమ రాజసింహుడు నాయక వంశం, దక్షిణాది నుంచి పోయినోళ్ళే, ఆయన్ని వేలూరు కోటలో పెడితే 1832లో అక్కడే చనిపోయినాడు. ఇంకెక్కడికీ పరిగెత్తే పని లేదు కాబట్టి ఆ మండపం దగ్గర చానాసేపు కూర్చున్నా, మనసు నిండిపోయింది.

క్యాండీ నుంచి కొండల్లోకి పోయే ట్రైన్‌కి రిజర్వేషన్ 30 రోజుల ముందు తెరుస్తారు, నాకు దొరకలేదు, స్టేషన్‌లో సెకండ్ క్లాస్ మామూలు టికెట్ తీసుకుని నాను ఓయ స్టేషన్ దాకా నిలబడే పోయినా. అయినా టీ తోటలు, పొగమంచు, 6,226 అడుగుల ఎత్తులో పట్టిపొల స్టేషన్, కాళ్ళ నొప్పే గుర్తు రాలేదు.

అదే ట్రైన్ దారిలో ఉండే ఎల్లా అనే ఊరికి ఒక్క పూట చాలు. 1921 నాటి తొమ్మిది కమానుల బ్రిడ్జి అందంగానే ఉంది, ఫోటోల కోసం తోపులాటే ఎక్కువ. నాలాగా ప్రశాంతత కోసం పోయేవాళ్ళు దానికంటే ముందొచ్చే హపుతలే అనే కొండ ఊర్లో దిగండి. స్టేషన్ నుంచి నడిచి పోయే దూరంలో ఒక తమిళ కుటుంబం ఇంట్లో గది, మంచం, కుర్చీ, కిటికీ, అంతే, ఐదు రోజులు నాకు ఇంకేమీ కావాలనిపించలేదు. తెల్లవారుజామునే దంబతెన్న టీ ఫ్యాక్టరీ దాకా పోయి అక్కడి నుంచి కొండమీది వ్యూపాయింట్ లిప్టన్స్ సీట్‌కి ఏడు కిలోమీటర్లు నడిచినా, ఆలస్యమైతే మంచు కమ్మేసి ఏమీ కనపడదు.

తిండి సంగతి, పోల్ సంబోల్ అంటే మన కొబ్బరికారమే, కాకపోతే ఎండుచేప పొడి కలుపుతారు, శాకాహారులు "ఉంబలకడ వద్దు" అని ముందే చెప్పాలి. ఆ ఇంటి అక్క నాకు విడిగా నూరి పెట్టేది. మా అమ్మ పొడి ఆమెకి ఎంత నచ్చిందంటే చివరి రోజు మిగిలిందంతా ఆమె డబ్బాలో పోసి, ఎట్ల చేయాలో వచ్చీరాని తమిళంలో చెప్పి మరీ బస్సెక్కినా.